అరిగిన వేళ్లు

"నేను తీసి లోపల పెట్టిన సంచిని మళ్ల మొలకే తగిలించినవా అమ్మా?"

స్వప్న ఆ మాట అనడం నిన్నటి నుంచి మూడోసారి. సమ్మక్క పెనం మీది నుంచి కళ్లు ఎత్తలేదు. తడిగుడ్డతో రొట్టె మీద నీళ్లు అద్ది, అంచు పొంగడం చూసి, పటకారు ముట్టకుండా వేళ్లతోనే తిప్పేసింది. బస్‌స్టాండ్ దగ్గరి మెస్సుకు ఎనిమిదింటికల్లా అరవై జొన్నరొట్టెలు చేరాలి. ఇంకా ఇరవై మిగిలి ఉన్నాయి.

"ఆ మొల దానిదే. దాని జాగల అది ఉంటది."

"తలుపు పక్కకా? ఎవలొచ్చినా చెయ్యి చాపితే అందుతది."

"అందనియ్. కాయితాలే గద. బంగారమున్నదా అండ్ల?"

చీరల దుకాణం వాళ్లు ఇచ్చిన జిప్పు సంచి అది. కేలండర్ కింది మేకుకు వేలాడీ వేలాడీ, గని దిక్కు నుంచి వచ్చే దుమ్ముకు బూడిదరంగు తేలింది. ఇంట్లో నలుగురి ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు అందులోనే ఉంటాయి. వాటితోపాటు రబ్బరు బ్యాండు వేసిన ఇంకో కట్ట కూడా ఉంది. అది పొదుపు సంఘంలోని పదిమంది ఆడవాళ్ల ఆధార్ నకళ్లు. ఒక్కోదాని కింద ముందే చేసిపెట్టిన సంతకమో, వేలిముద్రో ఉంటుంది. ఏ ఆఫీసు ఎప్పుడు ఏ కాగితం అడిగినా కూలి పోగొట్టుకుని ఎవరూ పరుగెత్తుకు రానక్కర్లేదని, సంఘానికి అధ్యక్షురాలైన కొత్తలో సమ్మక్క పెట్టిన పద్ధతి అది. బాబూపేటలో ఈ గల్లీ అంతా తెలుగువాళ్లే. మాట్లాడటానికి మరాఠీ అందరికీ వచ్చు. ఫారం చేతికిస్తే మాత్రం, నింపడానికి స్వప్న ఉందని అందరూ సమ్మక్క ఇంటి వైపే చూస్తారు.

"నిన్న దవాఖాన ముందట సమోసా తిన్న," అంది స్వప్న. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పేషెంట్ల పేర్లు కంప్యూటర్లో ఎక్కిస్తుంది. "తిన్నంక చూస్తే ఆ కాయితం మీద ఎవలదో మొఖం ఉన్నది. ఆధార్ జిరాక్స్. పేరు, పుట్టిన తారీఖు, ఇంటి నంబరు అన్నీ ఉన్నయి. నూనె కారుతున్నది మొఖం మీద."

"పెండ్లి కాని పిల్లనేనా?" అన్నాడు ఆమె అన్న దత్తు, చాయ్‌లో టోస్టు ముంచుతూ. మెడలో నల్లటి ఇయర్‌ఫోన్లు పాములా వేలాడుతున్నాయి. "మన సంచిల పదిమంది ముసలోళ్ల ఫోటోలున్నయి. ఎవడెత్కపోతడే వాటిని? పెండ్లిచూపులకా?"

"నీకు నవ్వులాటనే దాదా."

ఆశన్న బూట్ల తాళ్లు బిగిస్తూ, "పొద్దుగాల పొద్దుగాల లొల్లి పెట్టకుండ్రి," అన్నాడు. ఫస్ట్ షిఫ్టుకు అప్పటికే ఆలస్యమైంది. "అది ఆడ ఉంటేనే మీ అమ్మకు నిమ్మళం. మొన్న గ్యాసోడు అచ్చి కాయితం అడిగితే నేను ఇల్లంత వెతికిన్నా? చెయ్యి పెట్టిన, తీసిచ్చిన. అంతే."

"అదే బాపూ, అదే! ఎందుకని అడిగినవా? ఆ కాయితం మీద దేనికిస్తున్నమో రాసినవా?"

"గ్యాసోన్ని గ్యాసు ఎందుకని అడుగుతరా?"

దత్తు పకపకా నవ్వాడు. సమ్మక్కకూ నవ్వొచ్చింది. అప్పుడే షెల్ఫు మీద ఆమె ఫోను మోగింది. చేతులు పిండిగా ఉన్నాయని దత్తే ఎత్తాడు. "హో మేడమ్," అన్నాడు. మళ్లీ "హో" అన్నాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు. టోస్టు ముక్క చాయ్‌లో మునిగిపోయింది.

"అమ్మా," అన్నాడు ఫోను చేత్తో మూసి, "ఠాణా నుంచి. నిన్ను రేపు రమ్మంటున్నరు."

పెనం మీద రొట్టె నల్లబడింది. ఇన్నేళ్లలో ఆమె చేతి కింద రొట్టె మాడటం ఆశన్న చూడలేదు. బూట్లతోనే లోపలికొచ్చి పొయ్యి కట్టేశాడు.

మర్నాడు ఠాణాలో చిన్న గది. పైన ఫ్యాను తిరుగుతుంటే బల్ల మీది ఫైళ్ల చివర్లు లేచి పడుతున్నాయి. కళ్లద్దాల మహిళా హవల్దారు "బసా మావశీ," అని కుర్చీ చూపించింది. పిన్నీ అని పిలిచినందుకు సమ్మక్క ప్రాణం కాస్త కుదుటపడింది. దత్తు పక్క కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు.

"ఈ నంబరు మీదేనా?" హవల్దారు ఒక కాగితం మీద వేలు పెట్టి మరాఠీలో అడిగింది.

సమ్మక్క అంకెలు ఒక్కొక్కటీ చదువుకుంది. "నాది కాదు మేడమ్. నాది ఏడుతో ఉంటది."

"మీ పేరు మీదే ఉంది. మీ ఆధార్ మీద, మీ వేలిముద్ర మీద తీసుకున్న సిమ్ము." ఆమె గొంతులో కోపం లేదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టు చెప్పింది. దూరంగా వేరే జిల్లాలో ఒక రిటైరైన మాస్టారికి ఈ నంబరు నుంచి ఫోను వెళ్లింది. సాయంత్రానికల్లా కరెంటు కట్ చేస్తామని భయపెట్టారు. చెప్పిందల్లా ఆయన ఫోనులో నొక్కుతూ పోయాడు. దాచుకున్నదంతా పోయింది. ఆయన భార్య మంచంలో ఉంది.

"మేం నంబరు ఎవరిదో కనుక్కుని చెప్పాం. అప్పటి నుంచి ఆయన మీ పేరు పట్టుకున్నారు. ఫిర్యాదులో రాసిచ్చారు చూడండి." హవల్దారు కాగితం తిప్పింది. "సమ్మక్క అనే ఆడమనిషి నన్ను మోసం చేసింది అని."

సమ్మక్కకు ఆ వంకర మరాఠీ అక్షరాలు చదవడం రాదు. అయినా అందులో తన పేరు ఎక్కడుందో వెతికింది. ఆమె పేరు ఈ గల్లీలో తెలుసు, మెస్సులో తెలుసు, మహంకాళి గుడి ముందు పూలమ్మే ఆమెకు తెలుసు. ఎన్నడూ చూడని ఊళ్లో, ఎన్నడూ చూడని పెద్దాయన పొద్దున లేచి ఆ పేరే తలుచుకుని తిడుతున్నాడు. మంచంలో ఉన్న ఆయన భార్య కూడా తిడుతూ ఉంటుంది.

"నాకు ఆయనెవరో తెల్వదు," అంది.

"తెలుసు మావశీ. మీరు చెయ్యలేదని మాకు తెలుస్తూనే ఉంది. సిమ్ము ఇచ్చేటప్పుడు తీసిన ఫోటో ఇదిగో."

ఫోటోలో ఉన్నది తనే. కళ్లు ఆర్పమంటే ఆర్పి తెరిచిన క్షణంలో తీసింది. మొహం మీద చిన్న నవ్వు. వెనక పసుపురంగు గోడ, గోడ మీద దత్తు చిన్నప్పుడు మేకుతో గీసిన సైకిలు బొమ్మ. తన వసారా. తన భుజం పక్కన ఎవరిదో తెల్లటి తల సగం కనిపిస్తోంది. అది సంఘంలోని ఐలవ్వ తల.

సమ్మక్క ఆ తలనే చూస్తూ ఉండిపోయింది.

దసరా ముందు ఆడవాళ్లకు నెలనెలా వచ్చే సర్కారు సాయానికి ఫోను నంబరు ఆధార్‌కు కలపాలన్నారు. కొత్త సిమ్ములు ఇచ్చేవాణ్ని, దత్తు దోస్తు చందును, ఇంటికే పిలిపించింది. తెలుగు పిల్లగాడు, పద్మాపూర్ కాలనీలో పెరిగినవాడు. "పెద్దమ్మా" అంటూ నోరారా పిలిచేవాడు. పదిమందినీ వసారాలో వరసగా కూర్చోబెట్టి, ఆ పూటంతా వేలిముద్రలు వేయించింది.

"ఎవరికైనా వేలిముద్ర ఇచ్చారా? ఏ దుకాణంలోనైనా, ఎవరింట్లోనైనా?" హవల్దారు పెన్ను పట్టుకుంది.

బల్ల కింద దత్తు మోచేయి ఆమె మోచేతిని మెత్తగా నొక్కింది.

"యాదికి లేదు," అంది సమ్మక్క.

హవల్దారు ఆమెను ఒక్క క్షణం చూసి రాసుకుంది. "మీ మీద కేసేమీ లేదు. నంబరు మూయించాం. యాదికొస్తే మాత్రం రండి. మీ ఒక్కరితో ఆగే పని కాదిది." గుండ్రటి నీలం మొహరు గుద్ది, కాగితం నకలు ఒకటి చేతికిచ్చింది. సమ్మక్క తెలుగులో సంతకం చేసింది. అక్షరాలు రాయడానికి ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది.

బయట ఎండ అప్పుడే మార్చి దాటినట్టుంది. బండి దగ్గర దత్తు తాళంచెవి తిప్పకుండా నిలబడ్డాడు.

"చందు గాడు గట్లాంటోడు కాదమ్మా. వానికి పైనోడు టార్గెట్ పెడతడు. గిన్ని సిమ్ములు అమ్మాలె అని. వాడు అమ్మినంక ఎవడు కొంటడో వానికేం ఎరుక?"

"నీకెప్పుడు ఎరుకైంది?"

"ఇప్పుడే. ఫోటో చూసినంక. దేవుని తోడు."

అబద్ధమాడుతున్నట్టు లేడు. అయినా సమ్మక్క చూపు అతని మెడలోని ఇయర్‌ఫోన్ల మీద ఆగింది. దసరాకు చందు ఇచ్చినవి. మనోళ్లను ఇంతమందిని కూర్చోబెట్టినందుకు కానుక అన్నాడు.

ఆ సాయంత్రం స్వప్న తల్లి ఫోను పట్టుకుని గచ్చు మీద కూర్చుంది. సర్కారు వెబ్‌సైటులో నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ ఎక్కించింది. మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో అందులో కనిపిస్తుందని చెప్పింది. ఆశన్న స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఐదు," అంది స్వప్న.

"రెండే గద మనయి. మీ అమ్మదొకటి, నాదొకటి."

"మూడు మనయి కావు. అండ్ల ఒకటి మూసిండ్రు. ఇంకా రెండు నడుస్తున్నయి."

బయట కుళాయి కింద ఎవరో బిందె పెట్టిన చప్పుడు. స్వప్న రెండు నంబర్ల పక్కనా "నావి కావు" అని నొక్కింది. తర్వాత ఆధార్ వాళ్ల పేజీ తెరిచి, చాలాసేపు చదివి నొక్కింది.

"ఇప్పుడు నీ వేలికి తాళం పడ్డది అమ్మా. నువ్వు తియ్యందే ఎవల మిషన్ మీద పెట్టినా పనిచెయ్యదు."

"తాళంచెవి ఎవల తాన ఉన్నది?"

"నీ ఫోన్లనే. రేషన్ కాడ ముద్ర ఎయ్యాలంటే పోయే ముందు తీసుకోవాలె. మళ్ల దానంతటదే పడ్తది. నేర్పిస్త, కష్టం లేదు."

సమ్మక్క తన బొటనవేలు కళ్ల ముందుకు తెచ్చుకుని చూసుకుంది. పెనం వేడికి, పిండికి, పొయ్యి బూడిదకు కొస నున్నగా, గులకరాయిలా మెరుస్తోంది. గీత అన్నది కనబడదు. ప్రతినెలా రేషన్ మిషన్ ఈ వేలును తనది కాదని పొమ్మంటుంది. గీతలు లేని ఈ వేలితోనే ఎవరో మూడు నంబర్లు తెరిచారు.

"ఐలవ్వది చూస్తవా?" అంది.

స్వప్న తలెత్తింది. దత్తు గోడకు ఆనుకున్నవాడు నిటారుగా అయ్యాడు.

"ఆమెకేం కాలే గదమ్మా. ఎందుకు లేనిది తీసుడు?"

"నాకు కూడ నిన్నటిదాక ఏం కాలే."

ఆశన్న తువ్వాలు తీగ మీద ఆరేస్తూ, నింపాదిగానే చెప్పాడు. "చూడు సమ్మక్కా. నీ మీది నుంచి పోయింది. పోలీసామెనే చెప్పె, కేసు లేదని. ఇప్పుడు నువ్వు పోయి పదిమందికి చెప్తే ఏమంటరు? సమ్మక్క పిలిస్తే పోయినం, సమ్మక్క వసారల కూసున్నం, సమ్మక్క చెయ్యి పట్టి పెట్టిచ్చింది అంటరు. అమ్ముకున్నది మమ్ములను అంటరు. ఎవలూ కడుపుల పెట్టుకోరు. హాస్టల్ రొట్టెల పని వచ్చేనెల నుంచి మన సంఘానికే ఇస్తమన్నరు గద, అదీ పోతది. ఈ గల్లీల మనం తలెత్తుకొని తిరగాలె."

"బాపు చెప్పింది నిజమే," అన్నాడు దత్తు. "చందుతోని నేను మాట్లాడ్త. అందరియి మూసెయ్ అని చెప్త. ఎవలకూ తెల్వకుండనే అయిపోతది."

సమ్మక్క లేచి రేపటికి జొన్నపిండి జల్లెడ పట్టడం మొదలుపెట్టింది.

శుక్రవారం రేషన్ దుకాణంలో వరస గేటు దాకా వచ్చింది. ఐలవ్వ ముందు నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఒకప్పుడు గని ఒడ్డున తట్టలతో బొగ్గెత్తిన చేతులు. గోళ్ల మూలల్లో నలుపు ఇప్పటికీ పోలేదు.

"మళ్ల పెట్టు ఆజీ," అన్నాడు డీలరు.

ఐలవ్వ బొటనవేలు పెట్టింది. మిషన్ కీచుమంది. వేలును తల వెంట్రుకల్లో రుద్దుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ కీచుమంది. నుదుటికి రుద్దుకుంది, చీర కొంగుకు తుడుచుకుంది. వెనక ఎవరో "లవ్‌కర్, లవ్‌కర్," అని తొందరపెట్టారు.

"నెలనెలా ఇదే కథ. నేను నేను కాదంటది ఇది," అని ఐలవ్వ వెనక్కి తిరిగింది. "సమ్మక్కా, నువ్వు పట్టు బిడ్డా. నీ చెయ్యి పడితే ఒప్పుకుంటది."

సమ్మక్క ముందుకొచ్చి ఆ సన్నటి మణికట్టును పట్టుకుంది. బొటనవేలు కొసను అద్దం మీద పెట్టి, తన వేలితో పైనుంచి నొక్కింది. ఆ నొక్కడం తెలిసిన నొక్కడమే. వసారాలో ఆ రోజు కూడా ఇలాగే పట్టుకుంది. అప్పుడు ఐలవ్వ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. "ఎన్నిసార్లు బిడ్డా? ముందటిసారే పచ్చగ వచ్చింది గద?" అని అడిగింది. చందు నవ్వి, "పడలే అవ్వా, మళ్ల పెట్టు," అన్నాడు. సమ్మక్క విసుక్కుంది. "నీకు చూపు ఆనదు. పెట్టుమన్నోడు పిచ్చోడా? పెట్టు," అని గట్టిగా నొక్కింది. ఇంకా ఎనిమిదిమంది వరసలో ఉన్నారు. పొయ్యి మీద చాయ్ పొంగుతోంది.

ఐలవ్వకు చూపు ఆనింది. చూడనిది తనే.

మిషన్ ఒప్పుకుంది. డీలరు బియ్యం తూచాడు. సమ్మక్క ఆ సంచిని నెత్తికెత్తుకుని, తన రేషన్ తీసుకోవడం మరిచి, ఐలవ్వ వెంట నడిచింది. మోరీ దాటుతుంటే ఐలవ్వ ఆగి, రవికెలోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"మొన్న పోస్టాయన ఇచ్చిండు. మరాఠీల ఉన్నది, మనకేం అర్థమైతది! నీ సంచిల పెడుదువని తెచ్చిన. సర్కారు మొహరు కూడ ఉన్నది. మంచి కాయితమే కావచ్చు."

సమ్మక్క బియ్యం సంచిని దింపింది. కాగితం విప్పింది. ఆమెకు ఒక్క అక్షరం రాకపోయినా చదవాల్సిన అవసరం లేకపోయింది. అదే గుండ్రటి నీలం మొహరు.

"ఏమున్నది బిడ్డా? పింఛనా?"

"పొద్దుగూకి చూసి చెప్త అవ్వా," అంది.

బియ్యాన్ని ఐలవ్వ ఇంట్లో దించి, కాగితాన్ని కొంగున ముడేసుకుంది. తన ఇంటికి పోలేదు. చౌరస్తా వైపు నడిచింది. చందు గొడుగు అక్కడే ఉంటుంది. ఎర్ర గొడుగు, కింద ప్లాస్టిక్ స్టూలు, పక్కన అరటిపండ్ల బండి. ఏమనాలో ఆమె అనుకోలేదు. ముందు అడగాలి. తర్వాత ఏమొస్తే అది.

చందు ముందు ఒక ఆడమనిషి స్టూలు మీద కూర్చుని ఉంది. కోర్పనా దిక్కు నుంచి పత్తి పనులయ్యాక నగరానికి వచ్చినట్టుంది. వేళ్ల కొసలు పత్తికాయల ముళ్లకు గీరుకుని, పగిలి ఉన్నాయి. చందు సమ్మక్కను చూడలేదు. ఆమె అతని వెనగ్గా, అరటిపండ్ల బండి నీడలో ఆగింది. అక్కణ్నుంచి అతని ఫోను తెర కనిపిస్తోంది.

ఆడమనిషి వేలు పెట్టింది. తెర మీద పచ్చటి గుర్తు వెలిగింది. చందు బొటనవేలితో దాన్ని పక్కకు తోసి, ఇంకో పేజీ తెరిచాడు.

"నాహీ ఝాలా కాకూ. పడలేదు. పున్హా లావా," అని మళ్లీ పెట్టమన్నాడు.

ఆ మనిషి వేలును నుదుటికి రుద్దుకుంది. ఏళ్ల తరబడి ఏ మిషన్ ముందైనా అదే చేసిన మనిషి. తన వేలు పనికిరాదని ఆమెకు ముందే తెలుసు. మళ్లీ పెట్టమంటే పెడుతుంది, పదిసార్లు పెట్టమన్నా పెడుతుంది, ఇబ్బంది పెడుతున్నందుకు పైగా సిగ్గుపడుతుంది. చందుకు తాళంచెవి దొరికింది అక్కడే.

వేలు అద్దం మీదికి దిగుతుంటే సమ్మక్క వంగి, ఆ మణికట్టును పట్టుకుంది. పైకెత్తింది.

"ఝాలా బాయీ," అంది. "ఒకసారికే అయింది. నేను చూసిన. ఇగ పెట్టకు."

చందు లేచాడు. నవ్వాలో వద్దో తెలియని మొహం. "అరే పెద్దమ్మా! నువ్వెప్పుడచ్చినవ్? నెట్‌వర్క్ సరిగ లేదు, గందుకే..."

"ఐలవ్వయి ఎన్ని తీసినవ్?"

"ఏంది పెద్దమ్మా?"

"రాజమ్మయి ఎన్ని? కోమలవి ఎన్ని?"

చందు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "దత్తు ఏమన్న చెప్పిండా? జెర నెమ్మదిగ మాట్లాడు పెద్దమ్మా. అందరు చేస్తరు ఇది. చౌరస్తల ప్రతి గొడుగు కింద ఇదే నడుస్తది. మీకు నష్టమేమైంది చెప్పు? మీ జేబుల కెళ్లి ఏమన్న పోయిందా?"

సమ్మక్క అతని వైపు చూసింది. వసారాలో రెండు జొన్నరొట్టెలు, పచ్చడి వేసి పెడితే వేళ్లు నాకుతూ తిన్న పిల్లవాడు. ఆమెకు ఆ మాస్టారు గుర్తొచ్చాడు. మొహం తెలియదు కాబట్టి, కళ్లద్దాలు, ముడతల చేతులు తనే తగిలించుకుంది.

"నా పేరు పోయింది బిడ్డా," అంది.

కోర్పనా ఆడమనిషి తన ఆధార్ కార్డును రెండు చేతులతో గుండెకు పెట్టుకుని, సమ్మక్క వెంటే గొడుగు కింద నుంచి బయటికొచ్చింది.

పొద్దుగూకిన తర్వాత నలుగురూ తినడానికి కూర్చున్నారు. పప్పుచారు, రొట్టెలు, మిరపకాయ తొక్కు. సమ్మక్క అందరికీ వడ్డించి, తను తినకుండా, మొల మీది సంచిని దింపి ఒళ్లో పెట్టుకుంది. రబ్బరు బ్యాండు తీసింది. ఒక్కొక్క కాగితం తీసి గచ్చు మీద విడివిడిగా పరిచింది. రాజమ్మ, కోమల, ఐలవ్వ, స్నేహలత. నకళ్ల మీద మొహాలన్నీ నల్లబడి, ఎవరు ఎవరో దగ్గరగా చూస్తే గాని తెలియకుండా ఉన్నాయి. ఆమె మాత్రం చూడకుండానే చెప్పగలదు.

"ఏం చేస్తున్నవే?" అన్నాడు ఆశన్న, రొట్టె తుంచుతూ ఆగి.

సమ్మక్క ఐలవ్వ కాగితాన్ని, దాని పక్కన తన ఠాణా కాగితాన్ని పెట్టింది. నీలం మొహర్లు రెండూ పక్కపక్కన కనబడ్డాయి. ఆశన్న వంగి చూశాడు. స్వప్న నోటి దగ్గరి చెయ్యి అలాగే ఆగింది. దత్తు చూసి, చూపు పళ్లెంలోకి దించుకున్నాడు.

"ఐలవ్వకు కూడనా?" అని స్వప్న గొణిగింది.

"మంచి కాయితం అనుకుంటున్నది. పింఛనా అని అడిగింది."

పప్పుచారు మీద మీగడలా పొర కట్టింది. సమ్మక్క గొంతు పెంచలేదు. మెస్సుకు రేపు ఎన్ని రొట్టెలు అని చెప్పినప్పుడు ఎలా చెబుతుందో అలాగే చెప్పింది.

"రేపు పొద్దుగాల రొట్టెలు ఇచ్చి రాంగనే పదిమందిని పిలుస్తున్న. ఇక్కడికే, వసారలకే. ఆ దినం ఏమైందో చెప్త. పచ్చగ వచ్చినంక కూడ నేనే చెయ్యి పట్టి నొక్కిచ్చిన అని చెప్త. ఎవలయి వాళ్లకు వాపస్ ఇస్త. స్వప్న ఒక్కొక్కల నంబర్లు చూసి, తాళమేస్తది. ఫోను లేనోళ్లకు నెలనెలా రేషన్ కాడికి నేను పోత. అది అయినంక ఠాణాకు పోయి, నాకు యాదికచ్చింది అని చెప్త. చందు పేరు చెప్త."

"తిడతరు," అన్నాడు ఆశన్న. ఆపడానికి అన్నట్టు లేదు.

"తిట్టనియ్. వాళ్లు నా మొఖం చూసి తిడ్తరు. ఆ సార్‌కు అది కూడ లేకపాయె."

ఆమె దత్తు వైపు తిరిగింది. అతని తల ఇంకా వంచే ఉంది.

"నువ్వు రేపు డ్యూటీకి పోకు. చెప్పేది నేనే చెప్త. నువ్వు నా పక్కకు కూసోవాలె."

దత్తు ఎడమ చేత్తో మెడలోంచి ఇయర్‌ఫోన్లు తీసి, గచ్చు మీద పరిచిన కాగితాలకు కొంచెం దూరంగా పెట్టాడు. మళ్లీ పళ్లెంలో చెయ్యి పెట్టలేదు.

ఆశన్న రొట్టె ముక్కను పప్పుచారులో ముంచాడు. నమిలి మింగి, నీళ్లు తాగి, చెంబు కింద పెట్టాడు.

"పదిమందికి చాయ్ పెట్టాలంటే," అన్నాడు, "పాలు రెండు లీటర్లు సరిపోతయా?"